రచయిత గురించి నాలుగు వాక్యాలు

ఎడారి ఎండలో చెమటోడుస్తూ అట. ఎవరు? నేనేనట. ఫోన్ కాస్త దూరం పెట్టి మళ్ళీ చదివాను, అక్షరాలు మారతాయేమోనని. మారలేదు. "రచయిత గురించి" అని పైన పువ్వుల బార్డరు, కింద నా ఫోటో, ఆ కింద నాలుగు వాక్యాలు. కన్నవారికి దూరంగా. కట్టుకున్న ఇల్లాలికి దూరంగా, ఎడారి ఎండలో చెమటోడుస్తూ. గుండెల్లో గూడు కట్టుకున్న కన్నీళ్ళనే అక్షరాలుగా మలిచిన వలసకూలీ ముత్యం. ఈ ఒంటరి మేక కథ ఆయన కథే. నేనేమో స్వెట్టర్ వేసుకుని, కరక్ చాయ్ కప్పు చేతిలో పట్టుకుని, అల్ తుమామా స్టేడియం గేటు ముందు నా బస్సులో కూర్చున్నాను. ఫిబ్రవరి నెల, అద్దం రెండు వేళ్ళ సందు తీస్తేనే చెవులకు చలి కొడుతోంది. చెమట కావాలంటే ఎక్కడి నుంచి తెచ్చేది? మూడు దాటి అయిదు నిమిషాలు. నాలుగింటికి స్టేడియంలో పనిచేసే మావాళ్ళు డ్యూటీ దిగి వచ్చేస్తారు. ఆ లోపే నా పిల్లల పుస్తకం వేయిస్తున్న ప్రతిమ మేడంకి "ఓకే" అని పంపాలి. ఇక్కడ ఖతార్‌లో నాలుగంటే హైదరాబాద్‌లో ఆరున్నర, ప్రెస్సు ఏడింటికి మూసేస్తారట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని అనాలనిపించింది గానీ, ఆమె ఎంత ప్రేమగా రాసిందో కూడా ఆ వాక్యాల్లోనే కనిపిస్తోంది. ప్రేమగా రాసిన అబద్ధాన్ని కాదనడం మహా కష్టం.

బొమ్మలు మాత్రం బాగున్నాయి. నా మేక చుక్క ఎంత ముద్దుగా ఉందో. నుదుటి మీద తెల్ల మచ్చ, నల్లటి ఒళ్ళు, మెడలో గంట. వెనక గొర్రెలు, ఒకదాని తోక దగ్గర ఇంకొకదాని మూతి. బొమ్మలేసిన అమ్మాయి గొర్రెల్ని ఎక్కడ చూసిందో గానీ తలలు సరిగ్గా కిందికే వేసింది. గొర్రె తల ఎత్తదు. మా నాయిన చెప్పేవాడు, గొర్రెకు లోకమంటే ముందున్న గొర్రె వెనక కాళ్ళేనని. జనం గొర్రెదాటు అని ఊరికే వెక్కిరిస్తారు గానీ ఎనభై గొర్రెలు ఒక్క వాగు దాటాలంటే ఆ దాటే దిక్కు. కాకపోతే మొదటిది దాటాలి కదా, ఆ మొదటిది ఏ గొర్రే దాటదు. అందుకే మా కురుమోళ్ళు మందలో ఒక మేకనో రెండు మేకలనో కలుపుతారు. మేకకు తన పేరు తెలుసు. పిలిస్తే వస్తుంది. దానికీ నీళ్ళంటే అసహ్యమే, గొర్రెకన్నా ఎక్కువే, కాలు తడిస్తే పిల్లిలా విదిలించుకుంటుంది. అయినా అవతల ఒడ్డున నాయిన నిలబడి "చుక్కా, రావే" అంటే కళ్ళు మూసుకుని దిగేది. నిజంగానే మూసుకునేది, నేను పక్కనే నడుం లోతు నీళ్ళలో ఉండి చూశాను. దాని వెనక బుడుంగు బుడుంగుమని ఎనభై గొర్రెలు. తడిసిన ఉన్ని వాసన, నాయిన గొంగడి వాసన, రెండూ ఒకటే. ఇప్పుడు తల్చుకుంటే కూడా ముక్కుకు తగులుతోంది, ఈ బస్సులో, శానిటైజర్ వాసన మధ్యలో. కరోనా కాలం కదా, సీటు విడిచి సీటుకు ఎర్ర టేపుతో ఇంటూ మార్కు. సగం మందినే ఎక్కించుకోవాలి, సగం కోసం మళ్ళీ రావాలి. నాలుగు ట్రిప్పులు ఎనిమిదయ్యాయి. నాకేం బాధ లేదు, నాకు నడపడం ఇష్టం.

ఇదిగో, ఇదే ఎక్కడా రాయలేదు ప్రతిమ మేడం. నాకు నడపడం ఇష్టమని. పొద్దున అయిదింటికి బర్వా అల్ బరాహాలోని మా క్యాంపు నుంచి బయల్దేరితే రోడ్డు ఖాళీగా, దీపాలు ఇంకా వెలుగుతూ, వెనక అద్దంలో ఒక్కొక్క తల పక్కకు వాలుతూ ఉంటుంది. వాళ్ళు నిద్రపోతే నాకు గర్వంగా ఉంటుంది. నమ్మకం లేనివాడి బస్సులో ఎవడూ నిద్రపోడు. బ్రేకు నొక్కితే ఒక్క తల కూడా కదలకూడదని నా పంతం. సాయంత్రం ట్రిప్పుల్లో మాత్రం ఎవరూ పడుకోరు. మెసైమీర్ దగ్గర సిగ్నల్లో ఇరుక్కుంటే ఇక ఎంతసేపో తెలియదు. అక్కడే ఒకరోజు, ఊరికే, నోరూరుకోక, చుక్క కథ మొదలుపెట్టాను. సగం నిజం, సగం కల్పన. ఎనభై గొర్రెలు, ఒక మేక, ప్రతి రాత్రీ ఒక కొత్త రైతు పొలంలో మంద పెట్టడం, ఆ పొలానికి ఎరువు, మాకు వడ్లు. రైతులు పోటీపడి పిలిచేవాళ్ళు, మా చెలకల పెట్టుండ్రి, మా చెలకల పెట్టుండ్రి అని. గొర్రెలు పడుకుని లేచిన నేల పచ్చబడుతుంది. ఈ సంగతి కథలో పెడితే వెనకనుంచి సురేందర్ లేచాడు. సిరిసిల్లవాడు, స్కాఫోల్డింగ్ పని, నా గది వాడే. వాడి నోటికి తాళం లేదు.

"అన్నా, ముంగట కూసున్న నువ్వు మేకవు, యెన్క కూసున్న మేము గొర్లమన్నట్టా?"

బస్సంతా ఒకటే నవ్వు. వాడికి నిజంగా కోపం వచ్చిందేమోనని అద్దంలో చూశాను, రాలేదు. మర్నాడు సాయంత్రం ఎక్కుతూనే, "మేక వాగు దాటిందా లేదా, అది చెప్పు ముందుగాల" అన్నాడు. అట్లా పదిహేను రోజులు నడిచింది కథ, సిగ్నల్ సిగ్నల్‌కీ. జగిత్యాల వైపు వాళ్ళు గొర్రెల సంగతిలో నన్ను సరిదిద్దేవాళ్ళు. బిహారు కుర్రాళ్ళకు సురేందర్ హిందీలో చెప్పేవాడు, వాడి హిందీలో మేక ఆడదో మగదో తేలేది కాదు. కథ వాళ్ళ నోళ్ళలో నానిన తర్వాతే నాకు సరిగా అర్థమైంది. రాసింది నేనే, కానీ ఎక్కడ ఆపాలో నేర్పింది బస్సు.

ఆ తర్వాత తెలుగు సంఘం వాళ్ళ ఉగాది. రెండేళ్ళ కింద, కరోనాకు ముందు. మావాళ్ళను అక్కడికి తోలుకెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. పిల్లలకు మెజీషియన్ అన్నారు, అతను రాలేదు. నలభై మంది పిల్లలు, ముందు వరసలో ఏడుపులు, మైకులో ప్రతిమ మేడం బతిమాలుతోంది, "ఎవరికైనా ఏమైనా వచ్చాండీ?" అని. సురేందర్ నన్ను ముందుకు తోశాడు. వాడి చేతులు స్కాఫోల్డింగ్ చేతులు, తోస్తే పడాల్సిందే. డ్రైవర్ యూనిఫాంలో స్టేజీ మీద నిలబడి మేకలా అరిచాను. అంతే, పిల్లలు చచ్చేంత నవ్వు. చుక్క కళ్ళు మూసుకుని నీళ్ళలో దిగే దగ్గర వాళ్ళూ కళ్ళు మూసుకున్నారు. దిగుతుంటే ప్రతిమ మేడం వచ్చి, ఇది రాసివ్వండి అంది. ట్రిప్ షీట్ల వెనకవైపు రాశాను, ఇట్లా ఖాళీగా కూర్చున్న గంటల్లోనే. హైదరాబాద్‌లో వాళ్ళ వదిన వేదవతి గారు పిల్లల పుస్తకాలు వేస్తారు. పన్నెండు పుస్తకాలు ఒక వరసగా వేసి బడులకు పంచుతున్నారట, అందులో ఇదొకటి. మా ఊరి బడికి కూడా పంపుతారు. అది తెలిసిన రోజు ఎంత ఆనందపడ్డానో. ఇప్పుడు చిక్కంతా అక్కడే.

ఎందుకంటే మా ఊరి బడి మా ఇంటికి నాలుగు గడపల అవతల. పుస్తకం వచ్చిన రోజే నా భార్య శోభ చేతికి వస్తుంది. శోభ ఏడో తరగతి దాకా చదివింది. బీడీలు చుడుతూ ఒడిలో చాట పెట్టుకునే, కూడబలుక్కుని చదువుతుంది. గబగబా చదివేవాళ్ళకు మాటలు జారిపోతాయి, శోభకు ఒక్కొక్కటి నిలబడి తగులుతుంది. క, న్నీ, ళ్ళ, నే. చెమటోడుస్తూ. చూసినవా అత్తా, అంటుంది మా అమ్మతో, నేను చెప్పలే? మా అమ్మ గౌరవ్వ అప్పటికే కొంగు నోట్లో పెట్టుకుంటుంది. మా అమ్మకు ఖతార్ లేదు, అంతా దుబాయే. "కొడుకా, దుబాయ్‌ల మస్తు ఎండలట, టీవీల చూపెట్టిండ్రు, స్టేడియం పనుల మనుషులు సచ్చిపోతున్నరట" అంటుంది. నిజమే అమ్మా. అదీ నిజమే. పెట్టెలో వెళ్ళినవాళ్ళను విమానం దాకా సాగనంపినవాళ్ళలో నేనూ ఉన్నాను, వాళ్ళ కథ రాయాల్సిందే, ఎవరైనా గట్టిగా రాయాల్సిందే. కానీ వాళ్ళ బతుకు తెచ్చి నా ఫోటో కింద అతికిస్తే ఎట్లా? అది వాళ్ళకూ అన్యాయమే.

బాగున్నవా అంటుంది శోభ ప్రతి శుక్రవారం. బాగున్న అంటాను. పదకొండేళ్ళ నుంచి ఇదే. ఆమె నమ్మదు. ఎట్లా నమ్ముతుంది? గల్ఫ్‌కు వచ్చిన ప్రతివాడూ ఆ మాటే అంటాడు, కాలు విరిగి మంచంలో ఉన్నవాడు కూడా. నేను కూడా అన్నాను. మొదటి అయిదేళ్ళు షట్టరింగ్ పని. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పోయింది, ఇక్కడివాళ్ళు అన్నట్టు ఖల్లీవల్లీ, పోతే పోనీ. గదిలో పన్నెండు మంది, జూలైలో ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే అంటుకునేది, ఒక ఎండాకాలం మొత్తం రాత్రిళ్ళు వాంతులు. అప్పుడు ఫోన్‌లో బాగున్న అన్నాను, గొంతు సవరించుకుని మరీ. మీసం మెలేసినట్టు అన్నాను. తర్వాత లైసెన్సు పరీక్ష, మూడుసార్లు ఫెయిలు, నాలుగోసారి పాసు. ఈ కంపెనీ, ఈ బస్సు, నలుగురే ఉండే గది, శుక్రవారం సురేందర్ వండే నాటుకోడి లాంటి బ్రాయిలరు. అప్పటినుంచి నిజంగానే బాగున్నాను. కానీ మాట అదే కదా. అబద్ధానికి వాడిన మాటనే నిజానికీ వాడాల్సి వచ్చింది, ఇంకో మాట తెలుగులో ఉందేమో నాకు తెలియదు. సెలవుకు వెళ్తే నా అరచేతులు తిప్పి చూస్తుంది. మొదట్లో కాయలు కాసి ఉండేవి, చూసి ఏడ్చేది. ఇప్పుడు మెత్తగా ఉన్నాయి కదా, అయినా ఏడుస్తుంది. "ఏం పూస్కోనొచ్చినవు, నాకు కనవడొద్దని?" అంటుంది. ఏం చెప్పను? స్టీరింగుకు గుడ్డ తొడుగు వేశాను, అందుకే మెత్తగా ఉన్నాయంటే నవ్వులాటకు అంటున్నాననుకుంటుంది. నా సుఖానికి సాక్ష్యం లేదు. ఉన్న ఒక్క సాక్ష్యం ఈ పుస్తకం, ఇది కూడా తిరగబడి ఆమె వైపే సాక్ష్యం చెప్పబోతోంది.

మూడూ ఇరవై ఎనిమిది. ఒక మైనా వచ్చి సైడు అద్దం మీద కూర్చుని తనను తాను పొడుస్తోంది. ఎదురుగా స్టేడియం, తెల్లగా గుండ్రంగా, ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీ లాగా. ఆ టోపీ కన్నాలు ఒక్కొక్కటి పైకి లేస్తుంటే రోజూ చూశాను. వచ్చే ఏడు నవంబరులో ఆట. నాకు ఫుట్‌బాల్ తెలియదు, అయినా ఇది లేస్తుంటే చూడ్డం బాగుంది, ఎవరింట్లో గోడ లేస్తున్నా బాగుంటుంది కదా. చాయ్ చల్లారింది. చల్లారిన కరక్ కూడా నాకు ఇష్టమే, అడుగున యాలకుల పొడి ఉంటుంది. చూడు, ఇట్లాంటివి రాస్తారా పుస్తకాల వెనక? రచయితకు చల్లారిన చాయ్ ఇష్టం అని?

ఓకే అనేసి ఊరుకుందామా? పుస్తకం వస్తుంది, బడికి చేరుతుంది. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, మేలు చేశారు. మోమాటం నాకు చిన్నప్పటి జబ్బు. బొటనవేలు దాదాపు నొక్కింది. అప్పుడు ఆఖరి పేజీ ఇంకా చూడలేదని గుర్తొచ్చి తిప్పాను. చూస్తే కథ చివర మార్చారు. నా కథలో చుక్క వాగు దాటుతుంది, మంద దాటుతుంది, రాత్రి కొత్త పొలంలో పడుకుంటాయి, తెల్లారి మళ్ళీ చుక్క ముందు నడుస్తుంది. అంతే. ఇందులో ఏముందంటే, వాగు మధ్యకు వచ్చాక దూరంగా గుట్ట మీద మేకలు అరుస్తాయి. చుక్క కళ్ళలో నీళ్ళు. "ఇన్నాళ్ళూ పరాయి మందలో ఒంటరిగా బతికాను" అనుకుంటుంది. గుట్ట ఎక్కి తన వాళ్ళను చేరుకుంటుంది. బొమ్మలో మేకలన్నీ మెడలు మెడలు రాసుకుంటున్నాయి. మందలో మేకను ఒక్కరోజైనా చూసినవాళ్ళెవరూ ఇది రాయరు. ఒంటరా? దానికి తీరికెక్కడ? ఎనభై మందిని వెనకేసుకుని తిరిగే మేకకు ఒంటరితనమా? ఇంతకూ గొర్రెలేవి? బొమ్మంతా వెతికాను. ముందు పేజీలో ఎనభై ఉన్నాయి, ఈ పేజీలో ఒక్కటీ లేదు. కోపమో భయమో. ఫోన్ చేశాను.

"చూశారా ముత్యం గారూ? ఎలా ఉందండీ? నాకైతే చివరి పేజీ చదువుతుంటే ఏడుపొచ్చేసింది," అంది ప్రతిమ మేడం. వెనక కుక్కర్ విజిల్.

"మేడం, ఒక్క మాట అడుగుత. మేక గుట్టెక్కింది గదా. మరి గొర్లు ఎట్ల దాటినయి?"

కుక్కర్ ఇంకో విజిల్ వేసింది. స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అయ్యో," అంది. "వాగు మధ్యలోనే ఉండిపోయాయి కదండీ. మా వదినా చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. మేకే పాపం అనుకున్నాం."

"మేక మంచిగనే ఉన్నది మేడం. నేను గూడ." ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. "నా గురించి రాసిన నాలుగు లైన్లు గూడ తప్పే. మీరు మంచి మనసుతోటి రాసిండ్రు, నాకెర్కే. కని నా పెండ్లాం చదువుతది. గది చదివితే ఇగ నా మాట జన్మల నమ్మది."

నేను స్టీరింగు తొడుగు కుట్టు లాగుతూ కూర్చున్నాను. పుస్తకం పోతే పోయిందనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

"మా అమ్మ కూడా అంతేనండీ, విజయవాడలో," అంది, గొంతు మార్చి. "నేనిక్కడ సుఖంగా ఉన్నానంటే చచ్చినా నమ్మదు. పనిమనిషి లేదట కదే, అంటుంది. సరే, మీ చివరి పేజీ మీ చేతిరాతలోది నా దగ్గరుంది, అది పంపించేస్తాను. మేకల బొమ్మ తీసేయమంటాను, వదినకు నేను చెప్పుకుంటాను. మీ గురించి మాత్రం మీరే రాయండి. నాలుగు వాక్యాలు. నాలుగు కల్లా."

నాలుగు వాక్యాలు. ఎనభై గొర్రెల్ని దాటించడం తేలిక. ముత్యం జగిత్యాల జిల్లాలో గొర్రెల మంద వెనక పెరిగాడు. ఇది నిజం, వేలు తడబడలేదు. ఖతార్‌లో బస్సు నడుపుతున్నాడు. ఇదీ నిజం. బాగున్నాడు. అని కొట్టి చూసుకున్నాను. అచ్చం నా ఫోన్ గొంతులాగే ఉంది. శోభ ఈ మాట దగ్గర ఆగి, మూతి తిప్పి, పక్కన పెట్టేస్తుంది. పుస్తకంలో గూడ గదే మాట, అంటుంది. చెరిపాను. సంతోషంగా ఉన్నాడు అని కొట్టాను, ఎవరో వేరేవాడిలా ఉంది, చెరిపాను. మూడూ నలభై రెండు. నవ్వొచ్చింది, ఇంత కథ రాసినవాడికి తన గురించి ఒక్క ముక్క దొరకడం లేదు. బాగున్నానంటే శోభ ఎందుకు నమ్మదు? ముందు ఒకసారి అబద్ధమైంది కాబట్టి. ఎప్పుడు అబద్ధమైందో నేను ఏనాడూ చెప్పలేదు కాబట్టి. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి ఆమెకు, పదకొండేళ్ళూ. ఏది ఏదో విడదీసి చూపించాల్సింది నేనే. చూపిస్తే ఆ అయిదేళ్ళు బయటపడతాయి. ఇన్నాళ్ళూ దాచింది అదే కదా. అరచేయి స్వెట్టరుకు తుడుచుకున్నాను, చెమట పట్టింది, ప్రతిమ మేడం మాట కొంచెం నిజమైంది. తర్వాత టకటకా కొట్టేశాను. మొదటి అయిదేళ్ళు బాగా కష్టపడ్డాడు, ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు బాగున్నాడు.

ప్రతిమ మేడం కన్నా ముందు శోభకు వినిపించాలనిపించింది. వాయిస్ మెసేజ్‌లో ఆ నాలుగూ చదివాను, బడిలో పాఠం చదివినట్టు, గొంతు సవరించుకోకుండా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. గేటు దగ్గర హెల్మెట్లు కనిపించడం మొదలైంది, సురేందర్ అందరికన్నా ముందు. ఫోన్ మోగింది. ఎత్తాను. చాటలో తునికాకు గలగలమంటోంది.

"అయిదేండ్లా?" అంది శోభ.

"అయిదేండ్లు."

ఆకు చప్పుడు ఆగింది. అప్పుడే నేను నాలుగు వాక్యాలూ ప్రతిమ మేడంకి పంపేశాను, ఇక వెనక్కి తీసుకునేది లేకుండా. సురేందర్ మెట్టెక్కి నా ముఖం చూసి, నోటికి తాళం వేసుకుని, ఎర్ర టేపు లేని సీటులో పోయి కూర్చున్నాడు.

"నాకప్పుడే అనుమానమైంది," అంది శోభ. "మరి యెన్కటి ఆరేండ్లు?"

"ఒట్టు శోభా. మంచిగున్న. పానం మంచిగుంది, పని మంచిగుంది. నువ్వు లేవు, గదొక్కటే."

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఒక నవ్వు, ఏడుపులోంచే, పెళ్ళైన కొత్తలో విన్న నవ్వు.

"అయితే గా ఆరేండ్ల ఏడుపు నాకు వాపసియ్యి."